కరివేపాకు చెట్టు మీది నల్ల సీతాకోకచిలుక – వాలెస్ జీవితం



మన గోడపత్రికలో ప్రతిసారి ఒక మహనీయుని జీవితం రాసుకుంటున్నాం గదా. ఈసారి వంతు నాది. నేను రాసేది ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ గురించి. లోకంలో ప్రసిద్ధికెక్కిన పేరే గానీ మనలో చాలామందికి కొత్త. జీవపరిణామం పాఠంలో మనం డార్విన్ పేరు చదువుతాం. ఆ పేరు పక్కనే నిలబడాల్సిన రెండో పేరు వాలెస్.

ఈయననే ఎందుకు ఎంచుకున్నానంటే రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈయన కూడా పైసలకు కటకటలాడే ఇంట్లో పెరిగాడు. రెండు, మన వంటశాల వెనక కరివేపాకు చెట్ల కాడ తిరిగే నల్ల సీతాకోకచిలుక ఉంది చూడండి, దాని జాతి గురించి ఈయన లోకానికి ఒక గొప్ప పాఠం చెప్పాడు. ఆ పాఠం అర్థం కావాలంటే ముందు ఆయన నడిచిన దారి తెలియాలి.

బడి మానేసిన పిల్లవాడు

వాలెస్ 1823 జనవరి 8న బ్రిటన్‌లోని వేల్స్‌లో, అస్క్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. పెద్ద కుటుంబం. తండ్రి ఉన్న డబ్బును కలిసిరాని పనుల్లో పెట్టి పోగొట్టుకున్నాడు. ఖర్చు తక్కువయ్యే చోటు వెతుక్కుంటూ ఆ కుటుంబం ఊళ్ళు మారింది. వాలెస్ పద్నాలుగేళ్ళ వయసుకే బడి మానేయాల్సి వచ్చింది. తెలివి లేక కాదు, పైసలు లేక. ఆ తర్వాత ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ చదువుకోలేదు.

అన్న విలియం సర్వేయరు. తమ్ముణ్ణి వెంట పెట్టుకొని గొలుసుతో భూములు కొలిచే పని నేర్పాడు. ఆ రోజుల్లో అక్కడ ఊరుమ్మడి భూములకు, అంటే పేదోళ్ళు పశువులు మేపుకొనే బంచరాయికి, కంచె వేసి పెద్ద భూస్వాములకు ఇచ్చే చట్టాలు నడుస్తున్నాయి. కొలిచే గొలుసు వాలెస్ చేతిలోనే ఉండేది. పేదోని మేత ఎట్ల పోతుందో ఆయన కళ్ళారా చూశాడు. అది ఆయన మనసులో ఉండిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత, 1881లో, భూమి జాతి మొత్తానికీ చెందాలని కోరే ఒక సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. తండాల నుంచి వచ్చిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

గుట్టల్లో పొలాల్లో నడుస్తుంటే కాళ్ళ కింది మొక్కల పేర్లు తెలుసుకోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. చవకగా దొరికిన చిన్న పుస్తకం ఒకటి కొని, దాన్ని పట్టుకొని మొక్కలు గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. 1844లో లెస్టర్ పట్టణంలో టీచరు పని దొరికింది. అక్కడ హెన్రీ వాల్టర్ బేట్స్ అనే యువకునితో స్నేహం కలిసింది. బేట్స్‌కు పెంకుపురుగులు పోగుచేసే అలవాటు. ఒక్క పట్టణం చుట్టుపక్కల అన్ని రకాల పురుగులు ఉంటాయని అప్పుడే వాలెస్‌కు తెలిసింది. ఇన్ని రకాలు ఎట్ల వచ్చాయి? ఈ ప్రశ్న ఆయనను జీవితమంతా వదలలేదు.

కాలిపోయిన నాలుగేళ్ళ కష్టం

1848లో ఆ ఇద్దరు స్నేహితులు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులకు ఓడ ఎక్కారు. ఇంటి దగ్గర నుంచి పంపే డబ్బేమీ లేదు. పురుగులను, పక్షులను పట్టి, చెడిపోకుండా చేసి, లండన్‌లోని ఏజెంటుకు పంపితే ఆయన వాటిని మ్యూజియాలకు, షావుకార్లకు అమ్మేవాడు. ఆ డబ్బుతోనే తిండి. తమ్ముడు హెర్బర్ట్ కూడా సాయం చేద్దామని వచ్చి, 1851లో పచ్చజ్వరంతో అక్కడే చనిపోయాడు.

1852లో వాలెస్ ఇంటికి తిరుగు ప్రయాణమయ్యాడు. ఆగస్టు 6న నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకుంది. తను దాచుకున్న పురుగులు, పక్షులు, రాసుకున్న నోటు పుస్తకాలు దాదాపు అన్నీ కళ్ళ ముందే కాలిపోయాయి. చేపలవీ తాటిజాతి చెట్లవీ గీసుకున్న బొమ్మలు కొన్ని మాత్రం మిగిలాయి. చిన్న పడవల్లో పది రోజులు ఎండకు మాడి, నీళ్ళకు వాచి, చివరికి దారినపోయే ఇంకో ఓడ ఎక్కి బతికి బయటపడ్డాడు. ఏజెంటు ముందుచూపుతో 200 పౌండ్లకు బీమా చేయించి ఉండబట్టి చేతికి కొంచెం డబ్బు వచ్చింది.

మనమైతే ఇగ చాలు అని ఇంట్లో కూర్చునేవాళ్ళం. ఆయన మాత్రం రెండేళ్ళు తిరగకుండానే మళ్ళా ఓడ ఎక్కాడు. ఈసారి తూర్పు దిక్కు.

ఏ దీవిదో రాసిన చీటీ

1854లో సింగపూర్‌లో దిగి, 1862 దాకా ఎనిమిదేళ్ళు ఇప్పటి మలేషియా, ఇండోనేషియా దీవులన్నీ తిరిగాడు. సుమారు 22 వేల కిలోమీటర్ల ప్రయాణం. పోగుచేసిన జీవులు 1,25,660. అందులో సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులైన మాత్‌లు కలిపి 13,100. పెంకుపురుగులు 83,200. ఆకుల కప్పు గుడిసెల్లో ఉంటూ, చీమలు రాకుండా బల్ల కాళ్ళ కింద నీళ్ళు పెట్టుకుంటూ ఈ పని చేశాడు.

లెక్క పెద్దదే గానీ దానికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ప్రతి పురుగు సూదికి ఆయన ఒక చిన్న చీటీ గుచ్చేవాడు. దాని మీద అది ఏ దీవిదో రాసేవాడు. ఇది మామూలు పనిలాగా కనిపిస్తుంది. కానీ ఆ కాలంలో చాలామంది తూర్పు దేశాలు అనో ఇండియా అనో రాసి ఊరుకునేవారు. డార్విన్ అంతటివాడు కూడా గాలపాగస్ దీవుల్లో పట్టిన పక్షులన్నిటికీ ఏది ఏ దీవిదో రాసుకోలేదు. చీటీ లేకపోతే ఈ దీవికీ ఆ దీవికీ తేడా కనిపించదు. కామారెడ్డిలో పట్టినదాన్నీ ఎల్లారెడ్డిలో పట్టినదాన్నీ ఒకే డబ్బాలో కలిపేస్తే రెండింటికీ తేడా ఉందో లేదో ఎవరు చెప్తారు?

చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే వాలెస్‌కు వింతలు కనిపించాయి. పక్షిరెక్క సీతాకోకచిలుక అనే పెద్ద జాతి ఉంది. అంబోయినా దీవిలో దాని మగది నలుపు మీద ఆకుపచ్చ రంగు. అదే 1859లో బచన్ దీవిలో దొరికిన దాని బంధువు నలుపు మీద నిప్పులాంటి నారింజ రంగు. దాన్ని వల నుంచి తీసినప్పుడు ఆయన గుండె దడదడ కొట్టుకుని, రక్తం తలకెక్కి, స్పృహ తప్పినంత పనయిందట. ఆ రోజంతా తలనొప్పితో ఉన్నాడు. ఒక్క సీతాకోకచిలుక కోసం!

ఇంకొక వింత. సెలిబిస్ దీవి, అంటే ఇప్పటి సులవేసి, అక్కడి సీతాకోకచిలుకలు చాలా జాతుల్లో పక్క దీవుల వాటికంటే పెద్దవి. ముందు రెక్క అంచు కూడా ఎక్కువ వంపు తిరిగి ఉంటుంది. అంటే చోటు మారితే ఒకే కుటుంబంలోని జీవికి రూపం మారుతున్నది. బాలి, లాంబాక్ దీవులు ఎదురెదురుగా ఉంటాయి. అయినా లాంబాక్‌లో ఉన్న తెల్ల కాకటూ చిలుకలు బాలిలో లేవు. ఆ రెండు దీవుల మధ్య నుంచి గీసిన గీతను ఇప్పటికీ వాలెస్ రేఖ అనే అంటారు.

1858 ఫిబ్రవరిలో ఆయన చలిజ్వరంతో వణుకుతూ పడుకున్నప్పుడు ఆలోచన తట్టింది. పుట్టిన పిల్లలన్నీ బతకవు. ఒకే తల్లి పిల్లల్లో కూడా చిన్న చిన్న తేడాలుంటాయి. ఆ చోటికి నప్పిన తేడా ఉన్నది బతికి పిల్లల్ని కంటుంది. అట్ల తరతరాలు నడిస్తే ఒక రకం కాస్తా కొత్త జాతి అవుతుంది. జ్వరం తగ్గగానే రాసి డార్విన్‌కు పోస్టు చేశాడు. డార్విన్ అదే ఆలోచనను ఇరవై ఏళ్ళుగా బయటపెట్టకుండా దాచుకొని ఉన్నాడు. ఆ ఉత్తరం చూసి ఆయన గుండె జారిపోయింది. 1858 జూలై 1న లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ సభలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. ఆ సంగతి వాలెస్‌కు ఆ రోజు తెలియదు. ఆయన ఎక్కడో దీవుల్లో పురుగులు పడుతున్నాడు.

మన కరివేపాకు సీతాకోకచిలుక

ఇప్పుడు మన చెట్టు కాడికి వద్దాం. మన నల్ల సీతాకోకచిలుక శాస్త్రీయ నామం పాపిలియో పాలిటిస్. కామన్ మార్మన్ అని కూడా అంటారు. ఇది కరివేపాకు, నిమ్మ, మారేడు ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు మొదట పక్షి రెట్టలాగా ఉంటుంది, చూసినవాళ్ళు ముట్టరు. పెరిగితే ఆకుపచ్చగా అయి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో ముడితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తీసి వాసన వదులుతుంది. మన చెట్టు మీద నేను చూశాను, మీరూ చూడొచ్చు.

మగది నల్లగా ఉండి, వెనక రెక్క మీద తెల్ల మచ్చల వరుస ఉంటుంది. ఆడది మాత్రం ఒక్క తీరుగా ఉండదు. మన దేశంలో మూడు తీర్లు. ఒకటి అచ్చం మగదానిలాగే ఉంటుంది. రెండోదానికి వెనక రెక్క నడుమ తెల్ల మచ్చలు, అంచున ఎర్ర మచ్చలు. మూడోదానికి ముందు రెక్క మీద తెల్ల పట్టీలు, వెనక రెక్క మీద ఎర్ర మచ్చలు. వీటిని వేరువేరు జాతులు అనుకొని పాత శాస్త్రవేత్తలు వేరువేరు పేర్లు పెట్టారు. 1758లో లిన్నేయస్ కూడా మగతీరు దానికి ఒక పేరు, ఆడదానికి ఒక పేరు పెట్టాడు.

వాలెస్ 1864లో లండన్‌లో చదివి 1865లో అచ్చువేసిన వ్యాసంలో వీటినన్నిటినీ ఒక్క ఇంటి కిందికి తెచ్చాడు. ఇవి ఒకే జాతి ఆడవి అన్నాడు. మరి ఈ వేషాలెందుకు? దానికీ జవాబు చెప్పాడు. మన పొలం గట్ల మీద గాడిదగడపాకు మొలుస్తుంది గదా. పశువుల పుండులో పురుగులు పడితే మా తాత దాని రసమే పోస్తాడు. అది విషపు మొక్క, మనుషులు తింటే కిడ్నీలు పాడవుతాయి. ఆ ఆకు, దాని బంధువైన ఈశ్వరి తీగ ఆకు తిని పెరిగే ఎర్ర ఒంటి సీతాకోకచిలుకలు రెండు జాతులున్నాయి. కామన్ రోజ్ ఒకటి, క్రిమ్సన్ రోజ్ ఒకటి. వాటి ఒంట్లో విషం ఉంటుంది కాబట్టి పక్షులు వాటి జోలికి పోవు. మన పాలిటిస్ ఆడది రెండో తీరులో కామన్ రోజ్ వేషం, మూడో తీరులో క్రిమ్సన్ రోజ్ వేషం వేసుకుంటుంది. పక్షి మోసపోయి వదిలేస్తుంది. ఇట్లాంటి వేషాలను అమెజాన్ సీతాకోకచిలుకల్లో ముందుగా చూపించినవాడు ఆ పాత స్నేహితుడు బేట్సే. గుడ్ల బరువుతో మెల్లగా ఎగిరే ఆడదానికే ఈ రక్ష ఎక్కువ అవసరమని వాలెస్ అన్నాడు.

అసలు సంగతి ఇక్కడుంది. క్రిమ్సన్ రోజ్ భారతదేశం, శ్రీలంక దిక్కునే ఉంటుంది. పాలిటిస్ మూడో తీరు ఆడది కూడా ఈ దిక్కునే ఉంటుంది. అసలుది లేని చోట దాని నకలు లేదు. ఎందుకంటే అక్కడి పక్షులకు ఆ వేషం అంటే భయం లేదు గదా! చోటును బట్టి రూపం అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఈ సీతాకోకచిలుక మన దేశం నుంచి చైనా, ఇండోనేషియా దాకా వ్యాపించి, ఒక్కో ప్రాంతంలో ఒక్కో ఉపజాతిగా ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఉండేదాన్ని ఇప్పుడు కొందరు శాస్త్రవేత్తలు వేరే జాతిగానే లెక్కిస్తున్నారు.

అసలుదాన్నీ వేషగాన్నీ మనం గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది. ఒళ్ళు చూడండి. ఒళ్ళు ఎర్రగా ఉంటే అది అసలు రోజ్. రెక్కల మీద ఎరుపు ఉండి ఒళ్ళు నల్లగా ఉంటే అది మన కరివేపాకు చెట్టుదే.

ఒక్క తల్లి కడుపున ఇన్ని తీర్లు ఎట్ల పుడతాయో వాలెస్ కాలంలో తెలియదు, అప్పటికి జన్యువుల సంగతి ఎవరికీ తెలియదు. ఆ జవాబు 2014లో వచ్చింది. బెంగళూరు శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే, అమెరికాలోని ఆయన సహచరులు కలిసి, డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక జన్యువు ఈ వేషాన్ని నడిపిస్తుందని తేల్చారు. నూట యాభై ఏళ్ళు ఆగి ఈ సీతాకోకచిలుక తన గుట్టు చెప్పింది.

ఇంకో చిన్న సంగతి. కరివేపాకు శాస్త్రీయ నామంలో కోయినిగి అనే మాట ఉంది. అది లిన్నేయస్ శిష్యుడైన డాక్టర్ కోయినిగ్ పేరు. మొక్కలూ పురుగులూ వెతుక్కుంటూ దక్షిణ భారతమంతా తిరిగిన ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. రోజూ మన పప్పులో తాలింపు పడే ఆకులో కూడా ఒక శాస్త్రవేత్త పేరుంది.

అలీ పేరు

వాలెస్ ఒక్కడే ఇదంతా చేయలేదు. 1855లో సారవాక్‌లో అలీ అనే మలయ్ పిల్లవాడు ఆయన దగ్గర పనికి చేరాడు. అప్పుడు మన ఈడువాడే. మొదట వంట చేసేవాడు. తర్వాత పక్షులను కొట్టడం, తోలు తీసి చెడిపోకుండా చేయడం నేర్చి, ఆయనకు కుడిభుజమయ్యాడు. 1858లో బచన్ దీవిలో ఎవరూ ఎరగని ఒక వింత పక్షిని అడవి నుంచి తెచ్చింది అలీయే. శాస్త్ర గ్రంథాల్లో ఆ పక్షికి వాలెస్ పేరు పెట్టారు. అలీ పేరు పెట్టలేదు.

వాలెస్ మాత్రం ఆయనను మరచిపోలేదు. 1862లో సింగపూర్‌లో విడిపోయేటప్పుడు ఫోటో తీయించి, డబ్బు, తుపాకులు, పనిముట్లు ఇచ్చి పంపాడు. ఆ పక్షి తెచ్చింది అలీయేనని తన పుస్తకంలో రాశాడు. 1907లో ఒక అమెరికా శాస్త్రవేత్త టెర్నేట్ దీవికి పోతే ఒక ముసలాయన ఎదురొచ్చి, తాను అలీ వాలెస్‌నని చెప్పుకున్నాడట. ఇది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఎల్లారెడ్డి దిక్కు అడవిలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ పురుగు ఏ ఆకు మీద ఉంటుందో ఆయనకు తెలుసు. అక్షరం రాదు కాబట్టి ఏ పుస్తకంలోనూ ఆయన పేరు లేదు. రాయడం వచ్చినవాళ్ళం ఇప్పుడు మనం ఉన్నాం.

చివరి రోజులు

ఇంటికి వచ్చాక వాలెస్ 1866లో పెళ్ళి చేసుకున్నాడు. 1869లో మలయ్ దీవుల గురించి పెద్ద పుస్తకం రాసి డార్విన్‌కు అంకితమిచ్చాడు. డార్విన్ పేరు ముందు వచ్చినందుకు ఆయన ఎన్నడూ అసూయ పడలేదు. కానీ నిలకడైన ఉద్యోగం దొరకలేదు. పరీక్ష పేపర్లు దిద్ది, పుస్తకాలు రాసి ఇల్లు నడిపాడు. 1881లో డార్విన్ తదితరులు పట్టుబట్టి ప్రభుత్వంతో ఏడాదికి 200 పౌండ్ల పెన్షన్ ఇప్పించారు. ఆయన చెప్పినవన్నీ సరైనవి కావు. మశూచి టీకాను ఆయన వ్యతిరేకించాడు, అది తప్పని చరిత్రే చెప్పింది. మహనీయుల్లో కూడా తీసుకోవాల్సింది తీసుకొని వదలాల్సింది వదలాలి. 1913 నవంబర్ 7న, తొంభై ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు.

నా విన్నపం

మిత్రులారా, మన వంటశాల వెనక కరివేపాకు చెట్లు నాలుగున్నాయి. పురుగులు ఆకులు తింటున్నాయని వాటికి మందు కొట్టించాలనే మాట వచ్చింది. వంట అక్కవాళ్ళ ఇబ్బంది నిజమే, ఇంతమందికి తాలింపు కావాలి. అందుకని వార్డెన్ సార్లకు నా విన్నపం ఒక్కటే. మూడు చెట్లు వంటకు ఉంచుకుందాం. వాటి మీది పురుగులను మేమే పొద్దున పూట చేతితో ఏరి నాలుగో చెట్టు మీద వేస్తాం. మందు కొడితే అదే ఆకు మళ్ళా మన కంచంలోకే వస్తుంది గదా. నాలుగో చెట్టును సీతాకోకచిలుకలకు వదిలేయండి.

ఆ చెట్టు కాడ ఒక నోటు పుస్తకం పెడతాం. మూడు తీర్లలో ఏ తీరు ఆడది వచ్చింది, ఏ తారీఖు, ఎవరు చూశారు అని రాస్తాం. దసరా సెలవులకు పోయినప్పుడు కామారెడ్డి దిక్కు వాళ్ళు వాళ్ళ ఊరిది, ఎల్లారెడ్డి దిక్కు వాళ్ళు వాళ్ళ తండాది రాసుకొని రండి. దేన్నీ పట్టవద్దు, చంపవద్దు. చూసి రాస్తే చాలు. ఊరి పేరు తప్పకుండా రాయండి. చూపించింది మీ తాతో, అమ్మమ్మో అయితే వాళ్ళ పేరు కూడా పక్కనే రాయండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి, 9వ తరగతి